సినిమా అయ్యాక నేను చెప్పిన మాట

పదిహేడేళ్లు సైన్యంలో చేసి వచ్చాక, పొదిలి దగ్గర మా ఊళ్లోనే పత్తీ కందీ వేసుకుంటున్నాను. యుద్ధం గురించి ఎవరైనా అడిగితే మంచు గురించీ, ఆ కొండల ఎత్తున పప్పు ఉడకకపోవడం గురించీ చెప్పి తప్పించుకునేవాణ్ణి. ప్రతి ఆగస్టులోనూ మా బళ్లో జెండా నాచేతే ఎగరేయించేవారు.

ఒంగోలు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరరు ఒకడు నాకు ఒకటో తరగతి నుంచీ స్నేహితుడు. సినిమాల పిచ్చి వాడికి. నెలకో ఆదివారం చిన్న హాలు మాట్లాడుకుని, ఓ యాభై మందిని పోగేసి పాత విదేశీ సినిమాలు వేసేవాడు. పోయిన వేసవిలో ఫోన్ చేశాడు.

“ఒరేయ్, ఈసారి యుద్ధం వద్దనే సినిమా వేస్తున్నాం. అది విడుదలైనప్పుడు పెద్ద గొడవైంది. సైన్యం పరువు తీశారని, తీసినవాళ్ల దేశంలోనే కొన్నేళ్లు ఆడనివ్వలేదు. అయిపోయాక నువ్వు నాలుగు మాటలు మాట్లాడాలి.”

“నాకేం వచ్చురా మాట్లాడటం?”

“నీకు జరిగింది చెప్పు, చాలు. అంతా మనవాళ్లే. అక్కడన్న మాట గడప దాటదు.”

వెళ్లాను. నలుపు తెలుపు బొమ్మ. కింద వచ్చే అక్షరాలు సగం అందుకోలేకపోయాను. అయినా ఒక చోటు మాత్రం అక్షరాలు లేకుండానే అర్థమైంది. ఫిరంగి గుళ్లు పడటం ఆగాక ఒక సిపాయి గుంటలోంచి లేస్తాడు. పక్కవాడు లేవడు. వీడు వాడివంక చూడడు, ముందు తన కాళ్లూ చేతులూ తడుముకుంటాడు.

లైట్లు వేసి మైకు నా చేతికిచ్చారు. మా ఆవిడకి కూడా చెప్పని సంగతి అక్కడ చెప్పేశాను. కొండ మీది పోస్టులో నాతో ఉన్నవాడు మా జిల్లావాడే, మా ఊరికి మూడు ఊళ్ల అవతలివాడు. గుండు పడ్డప్పుడు మా ఇద్దరి మధ్య బారెడు దూరం. వాడు పోయాడు. “ఏడ్చాను. వాడికోసమని అందరూ అనుకున్నారు. కాదు, నేను బతికున్నందుకు సంతోషంతో ఏడ్చాను. వాడికోసం ఏడుపు తర్వాత వచ్చింది. అది ఇంకా ఆగలేదు” అన్నాను.

ఒక పెద్దాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ సాయంత్రం బస్సులో ఎన్నో ఏళ్ల తర్వాత కిటికీకి తల ఆనించి నిద్రపోయాను.

మర్నాడు మా బావమరిది ఫోన్ తెచ్చి ఒక వీడియో చూపించాడు. నా మొహం. నా గొంతు. ‘సంతోషంతో ఏడ్చాను’ దగ్గర ఆపేశారు. తర్వాత మాటలు లేవు. పైన పెద్ద అక్షరాలు: ‘మాజీ సైనికుడి ఒప్పుకోలు’. పెట్టింది నా స్నేహితుడే.

ఫోన్ చేశాను. వాడి గొంతులో హుషారు.

“చూశావా? జిల్లా అంతా మన సినిమా గురించే మాట్లాడుకుంటోంది!”

“సినిమా గురించి కాదురా, నా గురించి. అది తీసెయ్.”

“రెండ్రోజులు ఆగరా. ఇప్పుడే కదా జనం చూస్తోంది.”

రెండ్రోజుల్లో జనం తిరగబడ్డారు. సైన్యాన్ని అవమానించే సినిమాలు వేస్తారా అని హాలు ముందు గొడవ చేశారు. హాలు ఓనరు ఇకమీదట ఇవ్వనన్నాడు. అప్పుడు తీశాడు వాడు. తీసి, అదే చోట రాశాడు: ‘ఆ మాటలు వక్త సొంత అభిప్రాయం. మాకు సంబంధం లేదు.’ ఒకటో తరగతి నుంచీ నా పక్క బల్ల మీద కూర్చున్నవాడికి నేను వక్తనయ్యాను. బడి హెడ్మాస్టరు ఇంటికొచ్చి, “ఈసారి జెండా సర్పంచి గారిచేత ఎగరేయిస్తున్నామండీ, ఏమనుకోకండి” అన్నాడు. ఏమీ అనుకోలేదు. నా బాధ వేరే ఉంది.

చనిపోయినవాడి తల్లి ఉంది. ఏటా వాడు పోయిన రోజుకి వెళ్లి ఆమెను చూసొచ్చేవాణ్ణి. వాడి తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చానని మొదటిసారి వెళ్లినప్పుడు చెప్పాను. ఆ మాట ఆమె వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పుకునేది.

వెళ్లాను. పందిట్లో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. తలెత్తలేదు.

“ఫోన్లో చూపించార్లే అబ్బాయ్. అది నువ్వేనా?”

“నేనే పెద్దమ్మా. కానీ సగమే పెట్టారు. తర్వాత ఇంకా...”

“ఆ సగం నిజమేనా?”

“నిజమే.”

ఆమె చేతులు ఆగాయి. కొంగుతో మొహం తుడుచుకుంది.

“నువ్వు పోయి నా కొడుకు తిరిగొస్తే నేనూ సంతోషపడేదాన్నే. కానీ ఆ మాట మీ అమ్మ చెవిన పడనిచ్చేదాన్ని కాదు.”

ఆమె చెవిన వేసింది నా స్నేహితుడే. కానీ ఆ మాట నాది. మంచినీళ్లిచ్చింది. తాగి లేచాను. ఎప్పుడూ గుమ్మందాకా వచ్చి “మళ్లీ రా నాయనా” అనేది. ఆ రోజు లేవలేదు.

మొన్న ఒంగోలు బస్టాండులో నా స్నేహితుడు కనిపించాడు. “ఏరా, ఇంకా కోపమేనా? టీ తాగుదాం పద” అంటూ భుజం మీద చెయ్యేశాడు. టీ కొట్టు దగ్గర నిలబడి అడిగాను.

“ఆ రోజు ఆ సినిమా చూస్తుంటే నీకేమనిపించిందిరా?”

డైరెక్టరు కెమెరా ఎక్కడ పెట్టాడో, ఆ రోజుల్లో అంత పొడుగు షాటు తియ్యడం ఎంత కష్టమో ఉత్సాహంగా చెప్పడం మొదలెట్టాడు. వాడికి సిగ్గేమీ లేదు. నేను చెప్పింది కూడా వాడికి ఒక సినిమా లాంటిదే కాబోలు. నా బస్సు వచ్చింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టి ఎక్కేశాను.