కదలని బండికి ఆలస్యం లేదు

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డ బస్టాండులో అందరూ ఒప్పుకున్న న్యాయం ఒకటుండేది: కదలని బండికి ఆలస్యం లేదు. డ్రైవరు స్టార్టు చేసినా, కండక్టరు విజిలేసినా, ఎవరైనా పరిగెత్తుకొచ్చి రేకు మీద రెండు దెబ్బలు కొట్టి "ఆపప్పా" అని కేకేస్తే బస్సు ఆగాల్సిందే. డ్రైవరు తిడతాడు. తిట్టడం ఆయన హక్కు, ఎక్కడం మన హక్కు. దీన్ని క్రమశిక్షణ లేకపోవడమని నాతో వాదించేవాళ్లున్నారు, మా ఇంట్లోనే ఉన్నారు. వాళ్లకు నేను మా మేనత్త సంగతి చెప్తాను.

నేనప్పుడు మూడో తరగతో నాలుగో తరగతో. మా తమ్ముడు ఇంకా బడికి పోని పసివాడు. వానికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోపలికి పోయి, పిలిస్తే పలకడం మానేసినాడు. ఊళ్లో డాక్టరు చెయ్యి పట్టుకొని చూసి, ఇంక నావల్ల కాదు, కర్నూలు పెద్దాసుపత్రికి ఇప్పుడే తీసుకపొండి అన్నాడు. నంద్యాల మీదుగా కర్నూలు పోయే బస్సు బస్టాండులో ఉంది. అది పోతే మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలీదు. మా నాయన, అమ్మ వాణ్ని ఎత్తుకొని వచ్చేలోపల సీట్లు పట్టమని నన్నూ మేనత్తనూ ముందు పంపించినారు.

మా మేనత్త చర్చిలో ఆడవాళ్ల కూటం నడిపేది. మనిషి చిన్నది, గొంతు పెద్దది. ప్రార్థన ఎంత గట్టిగా చేసేదో, తగువూ అంత గట్టిగానే ఆడేది. కానీ ఆరోజు మొదట మర్యాదగానే అడిగింది. పసిపిల్లోనికి పానం మీదికొచ్చింది, రవ్వంతసేపు నిలబెట్టు నాయనా అని. డ్రైవరు, అందరూ చెప్పే మాటేలే అన్నట్టు చెయ్యి ఊపి గేరు వేసినాడు. అప్పుడు మేనత్త, ఆసుపత్రిలో పరుచుకోవడానికి తెచ్చిన చాపను విప్పి బస్సు ముందర పరిచింది. "బేగా కూచో" అని నన్ను లాగి కూర్చోబెట్టి, తానూ బాసింపట్టు వేసుకొని, క్యారియరు మూత తీసి నాకు చిత్రాన్నం ముద్దలు పెట్టసాగింది.

హారను మోతకు నా చెవులు పగిలిపోయినాయి. కండక్టరు దిగొచ్చినాడు.

"ఏందమ్మా ఇది? బస్టాండనుకున్యావా, మీ ఇంటి నడవనుకున్యావా?"

"మా ఇంటి నడవైతే నిన్ను గడప తొక్కనిస్తానా? పిల్లకు ఆకలైతాంది, తినిపిస్తాండా. నీ పని నువ్వు చూసుకో."

"మీద ఎక్కిస్తా అంటాండాడు డ్రైవరు!"

"ఎక్కియ్యమను. ముందు ఆ మాట దిగొచ్చి నా మొగం చూసి చెప్పమను."

కిటికీలోంచి ఒకాయన, "ఇంగొక ముద్ద పెట్టక్కా, మేము ఈడే ఉంటాం" అని నవ్వినాడు. ఇంకొకామె పెండ్లికి పోవల్ల, ముహూర్తం దాటుతాందని శాపాలు పెట్టింది. మేనత్త మాత్రం రోడ్డు వైపు ఒక కన్ను వేసి కలుపుతూనే ఉంది.

డ్రైవరు దిగినాడు. తిట్టడానికే దిగినాడు. సగం తిట్టు ఆయన నోట్లో ఉండగానే మా నాయన పరిగెత్తుతూ వచ్చినాడు, భుజం మీద తమ్ముని తల వేలాడుతూ ఉంది. మిగతా సగం తిట్టు బయటికి రాలేదు. ఆయనే వంగి చాప చుట్టి మేనత్త చేతికిచ్చి, ఎక్కి కూర్చున్నాడు. నంద్యాలలో టీకి కూడా దిగలేదు. పాణ్యంలో జనం, మాకు ఆలస్యం కాకూడదని, బస్సు సరిగ్గా ఆగకముందే దూకేసినారు.

తమ్ముడు బతికినాడు. భయం కాలేదా అత్తా అని తర్వాత అడిగితే మేనత్త చెప్పింది, "బండి ఇనుముదే గాని, తోలేటోడు మనిషే గదమ్మీ. వాని కంటికి కనబడేట్టు కూచోవల్ల, అంతే."

ఆ మాట పట్టుకొనే నేను ఇంతకాలం బతికినాను. కాలేజీలో, బ్యాంకులో, అత్తగారింట్లో, ఎక్కడ తలుపు మూసినా ముందు మూసినవాని మొగం చూడాలన్నాను. నా నోటి గురించి నేనుండే నంద్యాలలో చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

పోయిన ఏడాది ఆ తమ్ముడే, ఢిల్లీ పక్కన ఫ్యాక్టరీలో పనిచేసే చోట, గుండె పట్టుకొని పడిపోయినాడు. ఎవరైనా వెంటనే రండి అని ఆసుపత్రినుంచి ఫోను. రైలైతే ఒక పగలూ రాత్రీ చాలదు. కర్నూలు పక్కన ఓర్వకల్లులో మాకూ విమానాశ్రయం ఉంది గానీ, అక్కడినుంచి ఢిల్లీకి విమానం లేదు. హైదరాబాదుకు పోవాలి. మా అమ్మాయి ఫోనులో మా అమ్మకూ నాకూ అన్నిటికంటే చౌక టికెట్లు పట్టింది. విమానం అందరికీ అందుబాటులోకి వచ్చిందంటారు. వచ్చింది, కాదనను. సంచికి వేరే డబ్బు, తల్లీకూతుళ్లు పక్కపక్కన కూర్చోవడానికి వేరే, తాగే నీళ్లకు వేరే, విమానం తప్పిపోతే మాత్రం కట్టిందంతా వాళ్లకే.

మా అమ్మా నేనూ ఇద్దరమూ అంతవరకూ విమానం ఎక్కలేదు. అమ్మను భయమా అని అడిగితే, "పడితే పడనీలే, వాణ్ని చూసినాక పడనీ" అంది.

లోపల వరస తర్వాత వరస. అమ్మ మోకాళ్లకు చక్రాల కుర్చీ అడిగితే, వస్తుంది కూర్చోండన్నారు, రాలేదు. నడిచినాము. మా గేటు చిట్టచివర. అద్దంలోంచి మా విమానం కనబడుతూనే ఉంది. "అదో ఉంది గదా, యాడికీ పోదులే" అని అమ్మ ఒక కుర్చీలో కూలబడి ఊపిరి తీసుకుంది. నేనూ సరేనన్నాను. ఆళ్లగడ్డలో పుట్టినవాళ్లం, ఎదురుగా నిలబడిన బండి పోయిందని ఎట్లా అనుకుంటాం?

గేటు దగ్గర మా అమ్మాయి వయసు పిల్ల, తలుపు మూసేసినామండీ అంది. విమానం ఇంకా అక్కడే ఉంది. తెలుగులో వాదించినాను, ఇంగ్లీషులో వాదించినాను. నా చేతుల్లో లేదాంటీ అంది. ఎవరి చేతుల్లో ఉందమ్మా అంటే కంప్యూటరు వైపు చూసింది. చెడ్డపిల్ల కాదు, కళ్లలో నీళ్లు తిరిగినాయి.

మా అమ్మ ముందుకొచ్చి, "డ్రైవర్ను ఒక్కసారి పిలువు తల్లీ, నేను చెప్తా ఆయనకు" అంది.

ఆ పిల్ల మళ్లీ కంప్యూటరు వైపే చూసింది. అమ్మ మెల్లగా కిందికి జారి మూసిన తలుపు ముందర కూర్చుంది. చక్రాల పెట్టెలు ఈడ్చుకుంటూ జనం ఆమె చుట్టూ తిరిగి పోయినారు. ఒక్కరూ తిట్టలేదు. తిట్టినా బాగుండు. ఒక గార్డు వచ్చి అమ్మా అమ్మా అంటూ మర్యాదగా లేపినాడు. అద్దం అవతల ఒక చిన్న బండి విమానాన్ని వెనక్కి నెట్టింది. తోలేవాని మొగం మాకు కనబడలేదు, మేము వానికి కనబడలేదు.

సాయంత్రం ఇంకొకటి ఎక్కినాము. మేము చేరేసరికి తమ్ముణ్ని మంచం మీదినుంచి తీసేసినారు. మా అక్కావాళ్లు వస్తున్నారని మధ్యాహ్నం దాకా చెప్తూనే ఉన్నాడని పక్క మంచం ఆయన హిందీలో చెప్పినాడు. అది అమ్మకు తెలుగులో చెప్పాల్సింది నేను. చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

మూడుగంటలు ముందు పోవాల్సింది, ఎక్కువ ధర టికెట్టు కొనాల్సింది అని చుట్టాలు ఇప్పుడు బుద్ధులు చెప్తారు. నిజమే. ఎప్పుడూ లేనిది, నేను వాళ్లతో వాదించడం లేదు.

మేనత్త అబద్ధం నేర్పలేదు. ఆమె నేర్పింది చెల్లే చోటు తరిగిపోయింది, అంతే. నంద్యాల బస్టాండులో బస్సు కదిలేటప్పుడు ఎవరైనా పరిగెత్తుకొస్తుంటే నేనిప్పటికీ కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి రేకు మీద కొడతాను. డ్రైవరు తిడుతూ ఆపుతాడు. ఎక్కినవాళ్లు రొప్పుతూ నాకు దండం పెడతారు. యాడికి పోతాండారని మాత్రం నేను అడగను.