నూటికి మూడు వంతుల ముప్పు

వీధిలో అందరికీ ఆమె చుక్కలక్క. గుట్టమీది వేధశాలలో గ్రహశకలాల దారి లెక్కగట్టడం ఆమె పని. పై వాటాలో ఆమె, కింది వాటాలో పడవలు బాగుచేసే తమ్ముడు. తన పెళ్లి ఊసెత్తకుండా వాణ్ణి పెంచి పెద్దచేసింది. ఆమెకు ఉన్నదల్లా వాడే.

కొత్త శకలం ఒకటి కనబడింది. ఏడేళ్ల తర్వాత భూమిని ఢీకొనే అవకాశం నూటికి ఒక వంతు. ఢీకొంటే మాత్రం పడేది ఈ తీరానికి దగ్గర్లోనే. భోజనాల దగ్గర ఆ మాట నోరుజారింది. వారం తిరిగేసరికి ఒకటి కాస్తా మూడైంది. తమ్ముడు మెట్లెక్కి వచ్చాడు.

"ఏంటక్కా, పెరిగిందటగా?"

"ముందు పెరిగి, తర్వాత తగ్గుతుందిరా. ఎప్పుడూ ఇంతే."

"తగ్గడానికే పెరుగుతుందా? నీ లెక్కలకో దండం!"

"అది ఎక్కడికి వస్తుందో కచ్చితంగా తెలీదు కదా, ఈ మేరలో ఎక్కడైనా రావచ్చని ఓ పెద్ద చోటు గీస్తాం. కొలిచేకొద్దీ ఆ చోటు కుంచించుకుపోతుంది. భూమి ఇంకా అందులోనే ఉంది కాబట్టి దాని వాటా పెరిగినట్టుంటుంది. ఇంకాస్త కుంచించుకుంటే భూమి బయటపడుతుంది."

"పడకపోతే?"

ఆమె నవ్వింది. అదే ఆమె చేసిన తప్పు. ఇలాంటివి బోలెడు పెరగడమూ, అన్నీ తుస్సుమనడమూ చూసీ చూసీ ఆమెకు భయం మొద్దుబారిపోయింది. వాడింట్లో చంటిపిల్ల ఉంది.

తర్వాత ముసురు పట్టింది. మబ్బులు విడిచేసరికి శకలం దుర్భిణికి అందనంత దూరం పోయింది. లెక్క మూడు దగ్గరే ఆగింది. తమ్ముడు ఆగలేదు. పెళ్లాం బిడ్డతో, రంపాలూ బాడిసెలతో సముద్రం కనిపించని ఊరికి వెళ్లిపోయాడు. అక్కడ తలుపులు బిగిస్తున్నాడట.

ఆమె పాత ఫొటోల మీద పడింది. ఏళ్ల కిందట ఇంకేదో పనికి తీసిన ఆకాశపు ఫొటోల్లో ఇదీ పడి ఉంటుందేమోనని. కళ్లు కాయలు కాచాక ఒకదాంట్లో వెంట్రుకంత గీత దొరికింది. దాన్ని లెక్కలో కలిపితే ముప్పు సున్నా. వెంటనే ఫోన్ చేసింది.

"సున్నారా! వచ్చెయ్."

"ఇక ఎప్పటికీ పడదని చెప్పక్కా. రేపే సామాను సర్దుతా."

ఒక్క అబద్ధం చాలు, వాడొచ్చేస్తాడు. కానీ భూమి పక్కనుంచి పోయేటప్పుడు దాని లాగుడుకి శకలం దారి ఎంత వంగుతుందో, ఎండకు కాగి ఎటు జరుగుతుందో, ఆ తర్వాతి రాక ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పగల మొనగాడు లేడు.

"ఆ ఏడాదికి పడదురా."

"తర్వాత?"

"అది ఇంకా లెక్క తేలలేదురా."

"పోనీలే అక్కా," అన్నాడు వాడు, కోపం లేకుండానే. "పాపకి ఇక్కడ అలవాటైపోయింది."

నెల తిరక్కుండానే కింది వాటాలో కొత్తవాళ్లు దిగారు. తమ్ముడే మాట్లాడి పెట్టాడు.