జోజప్ప రాసిపెట్టిన అంకెలు

జోజప్ప మంచివాడని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంచితనమే అతని కొంప ముంచింది.

తిరువూరు బయట ఉన్న మా యూనివర్సిటీ సెంటరులో అతను కంప్యూటర్ టెక్నీషియన్. పదకొండేళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగమే. నేను స్టోరు ఇన్‌ఛార్జిని. గంపలగూడెం నుంచి బండి మీద వచ్చి, అందరికంటే ముందు ల్యాబు తెరిచేవాడు. పాస్‌వర్డు మరిచిపోయిన ప్రొఫెసర్లను ఒక్క మాట అనేవాడు కాదు. నేనైతే దులిపేసేదాన్ని.

ఒకసారి మావాళ్ల లాప్‌టాప్ ఒకటి విస్సన్నపేట బస్సులో పోయింది. విద్యార్థుల వివరాలన్నీ అందులోనే ఉన్నాయి. ఇక అన్నిటికీ ఎన్‌క్రిప్షన్ పెట్టాల్సిందేనన్నారు. అంటే, లోపలున్నదంతా ఎవరూ చదవలేకుండా మార్చేసి తాళం వేయడమన్నమాట. జోజప్ప రెండు రకాలు చూపించాడు. ఒకదానిలో ఆ తాళం తెరిచే అంకెలు హెడ్డాఫీసు సర్వరులో కూడా భద్రంగా ఉంటాయి. ఉచితంగా వచ్చే రెండోదానిలో మన దగ్గరే ఉంటాయి, పోతే పోయినట్టే.

"మొదటిదే తీసుకుందాం సార్," అన్నాడు.

"ఉచితంగా వచ్చేది ఉండగా మనకెందుకయ్యా ఆ హంగామా?" అన్నారు డైరెక్టరు గారు. అంతే, తేలిపోయింది.

పాపం జోజప్ప, ఒక్కో లాప్‌టాప్‌కి నలభై ఎనిమిది అంకెల చొప్పున చేత్తో రాసుకున్నాడు. పరాయివాళ్లకు తెలియకూడదని చీటీల మీద పేర్లు రాయలేదు, తనకు తెలిసిన చుక్కల గుర్తులు పెట్టుకున్నాడు. అన్నీ ఒక పాత కవరులో వేసి నా స్టోరు బీరువాలో పెట్టాడు.

"మేడమ్, ఈ కవరు జాగ్రత్తండి," అన్నాడు.

"సరేలే" అన్నాను. అదేమిటో అడగలేదు.

దసరాకి మా ఆఫీసులో ఆయుధపూజ చేస్తాం. ఏటా బీరువాలు ఖాళీ చేసి, తుడిచి, పసుపు కుంకుమ పెడతాం. చిత్తుకాగితాలు బస్టాండులో బజ్జీల బండి పెట్టుకున్న శివపార్వతికి ఇచ్చేస్తాం. ఆ కవరు నా చేతికే వచ్చింది, జోజప్ప మాట గుర్తే రాలేదు. తెరిచి చూస్తే వట్టి అంకెలు. ఎవరో పనిలేక రాశారనుకుని, నా బుద్ధి గడ్డి తిని, చిత్తులో పడేశాను.

నవంబరులో రిబ్కా లాప్‌టాప్ పాడైంది. రిబ్కా మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. పత్తి చేలల్లో పురుగుమందు కొట్టి జబ్బుపడిన పదమూడు మంది కూలి ఆడవాళ్ల మాటలు నాలుగేళ్లు తిరిగి రికార్డు చేసింది. తమ పేర్లు బయటికి రానివ్వనని వాళ్లు ఆమెతో ఒట్టు వేయించుకున్నారు. అందుకే ఇంకెక్కడా కాపీ పెట్టలేదు, పిచ్చిపిల్ల. మదర్‌బోర్డు మార్చగానే, రోజూ కొట్టే పాస్‌వర్డు చాలదంటూ లాప్‌టాప్ ఆ నలభై ఎనిమిది అంకెలు అడిగింది.

జోజప్ప వచ్చి బీరువా అంతా వెతికాడు. తర్వాత నా ముఖం చూశాడు. నేను చెప్పకుండానే అతనికి అర్థమైపోయింది.

ఇద్దరం బస్టాండుకి పరుగెత్తాం.

"ఇంకెక్కడి కాయితాలండీ! మీరిచ్చినవి దీపావళికే అయిపోయాయిగా," అంది శివపార్వతి.

అయినా అతను ఊరుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని, బండి వెనక కాలవలో నూనె కాగితాలు ఒక్కొక్కటే ఏరి చూశాడు. జనం చూస్తున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఒక్క కాగితం మీదా అతని చేతిరాత లేదు.

విచారణలో, "ఆ కవరు పారేసింది ఎవరు?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే జోజప్ప, "నేనేనండి, పొరపాటైపోయింది," అన్నాడు.

నాకు రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. కిక్కురుమనకుండా కూర్చున్నాను. ఛీ, ఏం బతుకు నాది! ఆ నెలాఖరుకే అతన్ని తీసేశారు.

రిబ్కా మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లింది. పదమూడు మందిలో ముగ్గురు అప్పటికే చనిపోయారు. మిగిలినవాళ్లు, "అదంతా ఇంకోసారి చెప్పడం మా వల్ల కాదమ్మా," అన్నారట.

మొన్న లాప్‌టాప్ అప్పగించడానికి స్టోరుకి వచ్చింది. చదువు మానేస్తోందట.

"ఇంకొకళ్లకి ఇవ్వాలంటే ముందు లోపలిదంతా చెరిపేయాలంటండి," అంది. "నా చేత్తో నొక్కలేను మేడమ్. మీరు నొక్కుతారా?"

అలాంటి పనులన్నీ జోజప్పే చేసేవాడు. ఇప్పుడు అతను లేడు. నేనే నొక్కాను.

"థాంక్సండీ మేడమ్," అని, ఖాళీ సంచి భుజాన వేసుకుని ఆ పిల్ల వెళ్లిపోయింది.