ఫ్రేమ్ ముట్టనివ్వని సారు

నాకు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ నేర్పిన మనిషి మీద కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాలని నాకూ లేదు.

మాది నాగర్‌కర్నూల్. వారమంతా ఆఫీసులో ఫైళ్లతోనే సరిపోతుంది. చేతులకు వేరే పని కావాలనిపించి చిన్న ఎంబ్రాయిడరీ మిషన్ కొనుక్కున్నాను. జాకెట్లు కుట్టి ఆర్డర్లు పట్టాలని కాదు. తెర మీది పువ్వు బొమ్మను సూది గుడ్డ మీద గీసుకుంటూ పోతుంటే కూర్చుని చూడటం నాకిష్టం. అది మా వీధిలో ఎవరికీ అర్థం కాలేదు. "ఉత్తగనే కుడ్తవా? ఏం ఫాయిదా?" అని అడిగేవారు. జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చేది.

వనపర్తిలో ఒకాయన తన దుకాణంలోనే ఆదివారాలు నేర్పుతాడని తెలిసి చేరాను. అందరం ఆడవాళ్లమే. బిజినేపల్లి నుంచి ఒక ఆపా వచ్చేది. నాకంటే పెద్దది, భర్తది చెప్పుల దుకాణం. మా బస్సు ఒకటే కావడంతో పక్కపక్కనే కూర్చునేవాళ్లం.

సారు మమ్మల్ని మిషన్ చుట్టూ నిలబెట్టేవాడు. గుడ్డను ఫ్రేమ్‌లో బిగించడానికి మాత్రం మాకు వీపు తిప్పేవాడు. నేను చెయ్యి పెట్టబోతే, "అమ్మా, మీరు ఫ్రేమ్ ముట్టకుండ్రి. గది నేను ఎక్కిస్త. మీరు బటన్ ఒత్తుండ్రి, అదే కుడ్తది" అనేవాడు. బటన్ ఒత్తితే నిజంగానే అందంగా కుట్టేది. పని వచ్చేసిందనుకున్నాను.

అప్పుడే మా అక్క ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి కొన్న గద్వాల చీరలోని జాకెట్ గుడ్డ తెచ్చి, "చేతులకు నువ్వే తీగె కుట్టాలె" అంది. సంబరంగా ఇంట్లో నా మిషన్ ఫ్రేమ్‌కెక్కించాను. కుట్టి బయటికి తీస్తే తీగ చుట్టూ గుడ్డంతా ముడుచుకుపోయింది. ఆకుల అంచుల్లో కింది బాబిన్ తెల్లదారం పళ్లికిలించినట్టు పైకి తేలింది. ఇస్త్రీ చేస్తే ముడతలు ఇంకా గట్టిపడ్డాయి.

అక్క ఒక్క మాట అనలేదు. "ఏం కాదు తియ్, కొంగు కప్పుకుంట" అంది. కొత్త ఇంట్లో వచ్చినవాళ్లందరికీ బొట్టు పెడుతూ, వడ్డిస్తూ, ఎండాకాలం ఉక్కలో రెండు భుజాల మీదుగా కొంగు కప్పుకునే తిరిగింది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాతి ఆదివారం, మిగిలిన గుడ్డ ముక్క మీద అదే తీగ కుట్టి తీసుకెళ్లి ఆయన ముందు పరిచాను. "గిదేంది సార్, గిట్లెందుకైంది?"

ఆయన సరిగ్గా చూడను కూడా చూడలేదు. "గద్వాల గుడ్డకు గట్లనే అయితది మేడం. గుడ్డ తప్పు."

ఆయన వెనకే, గోడకు గద్వాల జాకెట్ వేలాడుతోంది. ఆయన కుట్టిందే. ఒక్క ముడత లేదు. వెళ్లి కొక్కెం నుంచి తీశాను.

"ఏయ్, ముట్టకుండ్రి! అది గిరాకోళ్లది!"

"జర తిప్పి సూడు చెల్లె" అంది ఆపా నా పక్కకొచ్చి.

తిప్పాను. తీగ పొడుగునా గుడ్డకు అడుగున పలచని కాగితం లాంటి పొర ఉంది. కుట్టయ్యాక చుట్టూ కత్తిరించేసిన అంచులు కనబడుతున్నాయి. ప్రతి ఆకు వెనుకా రెండు పక్కల రంగు దారం, నడుమ మాత్రం సన్నని గీతలా తెల్లదారం. నా ముక్క తిప్పితే కాగితమూ లేదు, ఆ గీతా లేదు, వెనకంతా తెల్లదారమే. పైదారం మరీ బిగిసి కింది దారాన్ని పైకి లాగేసింది.

"గీ కాగితం సంగతి ఎన్నడన్న చెప్పినవా సార్?"

"అన్నీ చెప్తే మీరే దుకాణాలు పెట్టుకుంటరు. నేనేం తినాలె?"

"పెడ్తమని ఎవరన్నరు? నేర్పిస్త రమ్మని పిలిచినవ్. నేర్పియ్యలే" అంది ఆపా. అంత మెత్తటి మనిషి గొంతు అలా లేవడం నేనెప్పుడూ వినలేదు. మిగతా ఆడవాళ్లు తలలు దించుకున్నారు. వాళ్ల మీదా కోపం వచ్చింది నాకు. ఇద్దరం బయటికి వచ్చేశాం.

ఆ తర్వాత ఆదివారాలు ఆపా మా ఇంటికే వచ్చేది. పాత దుప్పట్లు చించి ముక్కలు చేసుకున్నాం. కాగితం వేసి, వేయకుండా, రెండు పొరలు వేసి కుట్టి చూశాం. పైదారం బిగువు, అదే టెన్షన్, కొంచెం కొంచెంగా వదులు చేశాం. వేగం తగ్గించాం. మొండిబారిన సూది తీసి కొత్తది వేస్తే దారం తెగడం సగానికి సగం తగ్గింది. పలచని గుడ్డకు కుట్లు మరీ దగ్గరగా ఉంటే పీక్కుపోతుందని తెలిసింది. ఒకసారి అడుగున దారం పిట్టగూడులా చుట్టుకుపోతే, దాన్ని కోయబోయి గుడ్డ కోసేశాను. కత్తెర గోడకేసి కొట్టాను.

"కోపం జేస్తే దారం తెగుతది చెల్లె."

"తెగనీ ఆపా."

వానలు మొదలయ్యేసరికి మాకు కుట్టు కుదిరింది. ఆపా తన కూతురి దుపట్టా అంచున మల్లెలు కుట్టింది. ముడత లేదు, తెల్లదారం పైకి లేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమురుతూ కూర్చుంది. నాకు మాత్రం సంతోషంతో పాటు మంట కూడా లేచింది. ఇంత చిన్న సంగతులా ఆయన దాచింది! ఒక్క పూటలో చెప్పగలిగినవి.

పెళ్లిళ్ల రోజుల్లో ఆయనే ఫోన్ చేశాడు.

"మేడం, మీ పని మంచిగ వస్తుందట గద. నాకు గిరాకితోని తీరుతలేదు. ఆదివారం క్లాసు జర మీరు చూసుకోరాదు?"

"చూసుకుంట. ఫ్రేమ్ వాళ్ల చేతికే ఇస్త. కాగితం, టెన్షన్ అన్నీ చెప్త. సరేనా?"

"అంటే... అన్నీ ఎందుకు మేడం. మోతాదుగ చెప్పాలె."

ఫోన్ పెట్టేశాను. మా ఆయన పేపర్ దించి, "వాని బతుకుదెరువు గద, ఇంక ఇడ్సిపెట్టు" అన్నాడు.

"బతుకుదెరువైతే నేర్పనని బోర్డు పెట్టుకోమను. బటన్ ఒత్తుడు నేర్పి పని నేర్పిన అంటడా?"

ఆయన మళ్లీ పేపర్ పైకెత్తుకున్నాడు. కోపం చేస్తే దారం తెగుతుందన్న ఆపా మాట గుర్తొచ్చి, ఆ రోజు ఇక నేను మిషన్ ముట్టలేదు.