రైఫిల్ రెస్టుకి కొబ్బరినూనె

కెనడాలోని సస్కటూన్‌లో మాకు బేస్‌మెంట్ అద్దెకిచ్చిన అంకుల్ పోయారు. ఆ కబురు కూడా ఆంటీ మొదట నా రూమ్మేట్‌కే చెప్పారు. అది చెబితే నాకు తెలిసింది. ఏడుస్తూనే కుళ్లుకున్నాను.

మేం దిగిన ఏడాది స్టూడెంట్ల తాకిడికి గది దొరకడమే గగనం. చోటిచ్చింది ఈ రిటైరైన ఇంజనీరే. మంచు పడిన ప్రతి పొద్దుటా పారతో మా కిటికీ ముందు తవ్వేవారు, "మీక్కూడా కాస్త వెలుతురు రావాలిగా" అంటూ.

ఆయనకున్న పిచ్చల్లా ఆదివారం షూటింగ్ రేంజ్‌కి వెళ్లి, బల్ల ముందు కూర్చుని, దూరంగా పెట్టిన కాగితాన్ని కొట్టడం. "నా చేతిలో చచ్చినవన్నీ కాగితాలేనమ్మా" అనేవారు. రైఫిల్‌ని ఆనించే బరువైన ఇనప స్టాండే రెస్ట్. దాని మర తిప్పితే తుపాకీ వెంట్రుకవాసి లేవాలి, దిగాలి. ఆ చలికాలం అది పట్టేసింది.

"విప్పుదాం రా, నీ చెయ్యి నిదానం" అని రూమ్మేట్‌ని పిలిచారు. అది చదివింది బీకాం. మెకానికల్ చదివిన నాతో, "నువ్వు టీ పెట్టమ్మా" అన్నారు.

గ్యారేజీ గుమ్మంలో కప్పులు పట్టుకుని చూశాను. మరల్లో గట్టిపడిన నల్లటి గ్రీజుని థిన్నర్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో తోమి, ఆరాక కొత్తది రాశారు. "పల్చగా. ఎక్కువైతే దుమ్ముని పిలిచినట్టే."

వాళ్లటు వెళ్లగానే తిప్పి చూశాను. ఇంకా బిగువే అనిపించింది. నా కొబ్బరినూనె తెచ్చి ధారగా పోశాను. హీటర్ పక్కన హాయిగా తిరిగింది. ఆదివారం రేంజ్‌లో చలికి నూనె తెల్లగా పేరుకుని, మర బిగుసుకుపోయింది.

తిరిగొచ్చిన అంకుల్ వాసన చూశారు. "తలకి రాసేది దీనికి రాసిందెవరమ్మా?"

"నేనే అంకుల్" అంది రూమ్మేట్, నా వైపు చూడకుండా.

"బాగుంది తల్లీ! రేపు దీనికి జడ కూడా వేస్తావా?"

నవ్వేసి, దానికే మళ్లీ మొదటినుంచీ నేర్పారు. నా తప్పుకి నాకు తిట్టు కూడా దక్కలేదు. నిజం చెబితే దాని మంచితనమే ఇంకా వెలుగుతుందని ఊరుకున్నాను. ఉద్యోగం వచ్చి రెజైనా అనే ఊరికి వెళ్లేదాకా ఊరుకునే ఉన్నాను.

అంత్యక్రియలయ్యాక ఆంటీకి చెప్పేశాను.

"ఆయనకి ఆ రోజే తెలుసమ్మా. అది తలకి నూనే రాయదు కదా! నీ అంతట నువ్వొచ్చి చెప్తావని చూశారు. అప్పట్నుంచీ రెస్ట్ విప్పినప్పుడల్లా గ్రీజు తుడిచే గుడ్డలు మూడు తీసి పెట్టేవారు, నువ్వూ వస్తావేమోనని."

గ్యారేజీలోకి వెళ్లాను. బల్ల మీదే ఉన్నాయి. రెండు గ్రీజుతో నల్లబడి, నలిగిపోయి ఉన్నాయి. మూడోది మడత కూడా చెదరలేదు.