జిగురు ఆరలేదు, దాటి రండి

“గడప కాడ పట్టీ తొక్కకే. జిగురు ఆరలేదు.”

“ఆరినా సుక్కారం దాకా ఉండదు, సూడు మావా.”

మా ఇద్దరి ఆఖరి మాటలు ఇవే. క్యారేజీ పట్టుకుని, తను అంటించిన పట్టీని తనే గెంతి దాటి, మా ఆయన స్టీలు ప్లాంటు డ్యూటీ బస్సుకి వెళ్లిపోయాడు.

రెండు వేల సంవత్సరం దాటాక సంగతి. ఎవరి ఆఫీసులోనో మిగిలాయని, చెక్కలా కనిపించే వినైల్ పలకలు తెచ్చి ముందుగదిలో తనే పరిచాడు. గదంతా బాగానే కుదిరింది. వీధి తలుపు దగ్గరే తగువు. పలకలు ఎండకి సాగుతాయట. అందుకని గడపకి ఆనించకుండా వేలెడు సందు వదిలాడు. అది కనబడకుండా పైన అల్యూమినియం పట్టీ పెట్టి, గడపకి మేకులు కొడతానన్నాడు.

“లచ్చిందేవికి మేకులు కొడతావా? ముందు నా నెత్తిన కొట్టు!”

“నీ నెత్తిన దిగదే. మేకు ఒంగిపోద్ది.”

సరే, జిగురే పూశాడు. ఆ రోజు శుక్రవారం. పొద్దున్నే నేను గడపకి పసుపు రాశాను. పట్టీ గడపకి కాదు, నా పసుపుకి అంటుకుంది. మర్నాడు మా మేనకోడలు, ఇప్పుడు ఇది రాస్తున్న పిల్లే, కాలు పెట్టగానే పట్టీ లేచింది. ఏళ్లనాటి పసుపు దాంతోపాటు అప్పడంలా ఊడొచ్చింది.

“ఆ పసుపంతా గీకేత్తాను.”

“గీకితే నాను పుట్టింటికెల్లిపోతాను.”

“నీ పుట్టిల్లు ఎదురు వీదే కదేటి? ఎల్లు. కూర మాత్రం పంపు.”

చివరికి గొడుగులా కింద కాలున్న పట్టీ ఒకటి తెచ్చాడు. ఆ కాలుని సందులోని సిమెంటుకే అంటించాడు. అంచులు అటు గడప మీదా ఇటు పలకల మీదా ఊరికే ఆనాయి.

“ఇది ఊడితే మీసం తీసేత్తాను. ఊడకపోతే, మా మావ గెలిసేడని నలుగురిలో సెప్పాల నువ్వు.”

ఒప్పుకున్నాను. మీసం మీద ఆశతో.

పట్టీ గెంతి డ్యూటీకి వెళ్లిన ఆ మధ్యాహ్నమే ఆయనతో పనిచేసే ఇద్దరు ముఖాలు వేలాడేసుకుని వచ్చారు. “దాటి రండి బావూ, జిగురు ఆరలేదు!” అని అరిచాను. ఇద్దరూ బొజ్జలవాళ్లు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గెంతారు. గెంతాక చెప్పారు, బస్సులోనే ఆయన గుండె ఆగిపోయిందని.

ఆయన్ని మోసుకొచ్చినవాళ్లనీ తొక్కనివ్వలేదు. ఏడుస్తూనే “కాలెత్తండి, కాలెత్తండి” అన్నాను. ఆయన అక్క, మా వదిన, కుచ్చెళ్లు పట్టుకుని గెంతి, “ఏటే ఇది? సావింటికొచ్చామా, తొక్కుడుబిళ్ల ఆటకొచ్చామా?” అంది.

శుక్రవారం వచ్చింది. పట్టీ ఊడలేదు. ఈ మేనకోడలి చేతే తన్నించి కూడా చూశాను. ఇప్పటికీ ఊడలేదు.

నలుగురిలో చెప్పాల్సిన ఆ మాటే మిగిలిపోయింది. నాది అసలే బొంగురు గొంతు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి అదీ పెగలదు. పుస్తకంలో ఉంటే నలుగురూ చదువుతారు కదా. అందుకే రాయమన్నాను: మా మావ గెలిచాడు.

రాసీసేవా కోడలా? ఏదీ, ఆ ముక్క సదువు. ఇక్కడ కాదే, గడప కాడకెల్లి, గట్టిగా.