షుగర్ మిషన్‌కి నేను చేసిన అవమానం

మర్యాద ఎక్కువైతే ఏమవుతుందో సందేహముంటే నన్నడగండి. ఒక కంపెనీని నిలువునా ముంచబోయిన ఘనుణ్ణి నేను. అదీ ఎంతో వినయంగా, చేతులు కట్టుకుని మరీ.

అప్పట్లో కంకిపాడు దగ్గర ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. మా మేడం రత్నకుమారి గారు రక్తంలో షుగర్ కొలిచే ల్యాబ్ మిషన్ ఒకటి తయారుచేశారు. దాన్ని అమ్మాలంటే ప్రభుత్వ లైసెన్సు కావాలి. ఆ కాగితాలు చూసుకోవడం నా పని. అంతమాత్రానికే ఢిల్లీని నేనే నడుపుతున్నట్టు బెంజ్ సర్కిల్లో కాలరెగరేసుకుని తిరిగేవాణ్ణి. లైసెన్సు రాకపోతే మాత్రం మేడం షెడ్డుకి తాళం, నాకు మా మావయ్య రొయ్యల చెరువులో కూలిపని.

తనిఖీకి ఇన్‌స్పెక్టర్ గారొచ్చారు. నవ్వని మనిషి. పెళ్ళికొడుకు తండ్రికి కూడా ఎవరూ చెయ్యనంత మర్యాద చేశాను. ఆయన దగ్గబోతున్నట్టు అనిపిస్తే చాలు, నీళ్ళగ్లాసుతో ప్రత్యక్షం.

కాగితాలు చూడ్డం అయ్యాక, “మిషన్ నడిపి చూపించండి” అన్నారు.

“ఎవరి రక్తంతోనండీ?”

“నాదే తీసుకోండి” అని వేలు చాపారు.

ల్యాబ్ అమ్మాయి చుక్క తీసి పెట్టింది. తెర మీద అంకె చూడగానే, గేట్లెత్తిన బ్యారేజీలోకి చెప్పు జారినట్టు నా గుండె జారిపోయింది. రెండొందల ఎనభై.

“నాకింత షుగర్ ఉందంటారా?” అన్నారాయన.

మేడం నోరు తెరిచేలోగా నేను తెరిచాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాది మరీ మంచి నోరు.

“అబ్బే, మీకు షుగరేంటండీ. మనిషిని చూస్తే తెలియట్లేదా.”

“మరి ఈ అంకె?”

“మిషనే ఏదో తేడాగా చూపిస్తోందండీ.”

మేడం నా కాలు తొక్కారు. ఆవిడకి అడ్డమొచ్చానేమోనని కాస్త పక్కకి జరిగాను.

“తరచూ ఇలా చూపిస్తుందా?”

“అప్పుడప్పుడండీ. పెద్దవాళ్ళొస్తే కొంచెం కంగారు పడుతుంది.”

పచ్చి అబద్ధం. పాపం, ఆ మిషన్ పుట్టి బుద్ధెరిగాక ఒక్క తప్పు చూపించలేదు.

ఆయన పెన్ను తీశారు. “మీ మిషన్ తప్పు చూపిస్తుందని మీరే చెబుతున్నారు. అలాగే రాసుకోనా?”

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. మావయ్య చెరువు, అందులో మోకాలిలోతు నీళ్ళలో నేను, కళ్ళముందు కనిపించాయి.

మేడం మాత్రం తొణకలేదు. “ఇంకో వేలు ఇవ్వండి సార్. మళ్ళీ చూద్దాం.”

మళ్ళీ చూశారు. ఇంచుమించు అదే అంకె. ఇన్‌స్పెక్టర్ గారు జేబులోంచి మాత్రల పట్టీ తీసి బల్లమీద పెట్టారు.

“నాకు ఏళ్ళ తరబడి షుగరేనమ్మా. పొద్దున వేరే ల్యాబ్‌లో చూపించుకునే వచ్చాను. అక్కడా ఇంతే.” తర్వాత నావైపు తిరిగి, మొదటిసారి నవ్వారు. “మిషన్ నిక్షేపంగా ఉంది, అలాగే రాస్తాను. ఈయన్ని మాత్రం మార్కెట్లోకి వదలకండి.”

కాబట్టి పెద్దలారా, కృష్ణమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి షుగర్ ఎంతున్నా, వాళ్ళు కలెక్టరైనా, సాక్షాత్తూ మా అత్తగారైనా సరే, మిషన్ తరఫున నేను క్షమాపణ చెప్పను.